ఒక కాజా పట్టేంతసేపు

స్క్రూలు పదకొండు. ఒక్కటి పోయినా అంతే సంగతులని ఆమెకి ముందే తెలుసు. అందుకే ల్యాప్‌టాప్‌ మూత విప్పకముందే దాన్ని ఒక తెల్లగుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసింది. ఎవరిదైనా పాత కోటు విప్పి వెడల్పు తగ్గించాల్సి వస్తే ఆమె చేసే పద్ధతే ఇది. కాలరు, చేతులు, లోపలి గుడ్డ, ఏది ఎక్కడినుంచి ఊడిందో ఆ చోటే గుండుసూదితో గుచ్చి ఉంచాలి. లేకపోతే తిరిగి కలిపేటప్పుడు ఎడమచెయ్యి కుడివైపుకి పోతుంది. ఇప్పుడు కూతురు ఒక్కో స్క్రూ ఊడదీసి ఇస్తుంటే, ఆమె దాన్ని సుద్దగీత లోపల, అది ఊడిన చోటే కూర్చోబెడుతోంది.

"ఇది పొట్టిది, అది పొడుగుది. పొడుగుదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే?"

"బిగించం కదమ్మా. నువ్వు గీసి పెట్టావుగా."

"పొరపాటున బిగిస్తే అంటున్నా. అవతలికి పొడుచుకొచ్చి లోపల నరం తెగితే?"

"దానికి నరాలుండవు."

"వైర్లుంటాయిగా. అవే మరి."

కుట్టుమిషను పక్కనున్న బల్లే ఇంట్లో వెలుతురున్న చోటు. బల్లమీద బట్టలన్నీ మంచంమీదకి చేరాయి. గుమ్మం దగ్గర బకెట్టులో తడిపిన గోనెసంచి ఉంది. నిప్పంటుకుంటే కప్పడానికి. పేముకుర్చీలో కూర్చున్న అత్తగారు ఆ బకెట్టునీ, కోడలినీ మార్చి మార్చి చూసింది.

"వెనకటికి నా పురుడప్పుడు కూడా ఇంత సామాను పెట్టలేదే," అంది.

"మీకేం అత్తయ్యా, మీరు కూర్చుని చూస్తారు. ఏదైనా అయితే ముందుండేది నేనూ, దాని చేతులూ."

నిజానికి ఏదైనా అవుతుందేమోనన్న భయం చేతులకంటే ఎక్కువగా గురువారం గురించి. గురువారం పొద్దున పదింటికి అమ్మాయికి పరీక్ష. ఇంట్లోనే కూర్చుని, వాళ్ళు కెమెరాలో చూస్తుండగా, రెండు గంటల్లో ఒక ఇంటి ప్లాను గీసి పంపాలి. మూడేళ్ళుగా ఆ పిల్ల పక్కవీధి ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీస్తోంది. గీసేది ఆ పిల్ల, కింద పేరు ఆయనది. ఈ కంపెనీలో అయితే గీసినవాళ్ళ పేరు కాగితం మూల అచ్చవుతుందట. ఆ మాట చెప్పినప్పుడు కూతురి మొహం చూసింది కాబట్టి ఆమెకి అన్నం సహించడం మానేసింది. అంత ఆశపడితే ఏదో ఒకటి జరుగుతుంది. జరగనే జరిగింది. పరీక్ష ప్రోగ్రామ్‌ని ఆదివారం తెరిచి చూస్తే, మెమరీ నాలుగు జీబీలే ఉంది, ఎనిమిది లేనిదే నడవనని ఎర్రగా రాసి మూసుకుంది. ల్యాప్‌టాప్‌ పాతది. అమ్మాయి చేతికి వచ్చేసరికే ఇంకెవరో నాలుగేళ్ళు వాడి వదిలేసినది. అందుకని బస్టాపు ఎదురు కొట్లోంచి ఇంకో నాలుగు కొనుక్కొచ్చారు.

మెమరీ అంటే ఏదో బరువుగా ఉంటుందనుకుంది. వేలెడంత పచ్చరేకు. ఒక అంచున బంగారురంగు పళ్ళు, పళ్ళ మధ్యలో చిన్న గాటు. ఆ గాటు చూడగానే ఆమెకి ప్రాణం కొంచెం కుదుటపడింది.

"ఇది మా గాటే. చొక్కా చేతికీ భుజానికీ ఎదురెదురు గాట్లు పెడతాం చూడు, తిరగబడకుండా. దాంట్లో ఎక్కడో దీనికి జోడీ ఉంటుంది."

"ఉంది. ఇదిగో." కూతురు పచ్చరేకుని ఏటవాలుగా దూర్చి కిందకి నొక్కింది. టక్‌మంది.

"ఒకవైపే పట్టింది," అందామె.

"పట్టిందమ్మా."

"ప్రెస్ బటన్లు కుట్టి కుట్టి ఈ చెవులు అరిగిపోయాయి. పూర్తిగా పడితే చప్పుడు రెండు, ఒకదానిమీద ఒకటి. నీది ఒంటి చప్పుడు."

కూతురు వంగి చూసింది. ఎడమపక్క క్లిప్పు నిజంగానే పట్టలేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి రెండు చప్పుళ్ళు.

"దానికే ఏదో ఒకటి నేర్పేట్టున్నావే," అంది అత్తగారు, పొగిడినట్టూ కాదు, తిట్టినట్టూ కాదు.

మూత పెట్టారు. పదకొండు స్క్రూలూ బిగించారు. బ్యాటరీ ఉబ్బిందని పోయిన సంవత్సరమే తీసి పారేశారు కాబట్టి అది గోడ ప్లగ్గు ఉంటేనే బతుకుతుంది. ప్లగ్గు కుట్టుమిషను పక్కనే, ఆమె కుడిచేతికి అందేచోట ఉంది. కూతురు బటన్ నొక్కింది.

దీపం వెలిగింది. లోపల ఫ్యాను బుర్రుమంది. తెర నల్లగా ఉంది. నల్లగానే ఉంది. ఆమె గుండె ఆ ఫ్యానుతో పాటు తిరుగుతోంది. ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది, దీపం ఆరింది. ఎవరూ ముట్టుకోలేదు. గదిలో ముగ్గురూ కదల్లేదు. అప్పుడు, ఎవరూ నొక్కకుండానే, అదంతట అదే మళ్ళీ వెలిగింది.

ఆమె ప్లగ్గు పీకేసింది.

"అమ్మా! ఎందుకు పీకావ్?"

"ఎవరూ ముట్టుకోకుండా వెలిగితే పీకరా? ఇంకాసేపుంటే పేలేది!"

కూతురు మళ్ళీ ప్లగ్గు పెట్టబోయి ఆగింది. అలా ఆగి వెలగడం తనూ ఎప్పుడూ చూడలేదు. సరిగ్గా కూర్చోలేదేమోనని మళ్ళీ పదకొండూ విప్పి, తీసి, పెట్టి, బిగించింది. మళ్ళీ అంతే. దీపం, ఫ్యాను, నలుపు, ఆరడం, అదంతట అదే వెలగడం, ప్లగ్గు. మూడోసారి "ఈసారి పీకకు, ఏమౌతుందో చూద్దాం," అంది కూతురు. ఆమె చేతులు రెండూ చంకల్లో బిగించి నిలబడింది. నిలబడి గాలి పీల్చింది.

"మాడువాసన!"

ప్లగ్గు మళ్ళీ ఊడింది. వాసన మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. అత్తగారు మెల్లగా చెయ్యెత్తి మంచంవైపు చూపించింది. కంగారులో ఆమె ఇస్త్రీపెట్టె ఒకరి ప్యాంటు మీద అలాగే వదిలేసింది. పైన వేసిన గుడ్డ మాత్రమే మాడింది, ప్యాంటు బతికింది. ఆమె తడిగోనె తెచ్చి దానిమీద కప్పింది.

"పోనీలే, బకెట్టు దండగ కాలేదు," అంది అత్తగారు.

ఆఖరికి కొత్తది తీసేసి, పాతది ఒక్కటే ఉంచి చూశారు. నిన్నటిదాకా దాంతోనే నడిచింది కదా. బటన్ నొక్కితే అదే నలుపు, అదే ఆరడం, అదే వెలగడం. ఆమె చెయ్యి అదే పని చేసింది.

కూతురు స్క్రూడ్రైవర్ని బల్లమీద పెట్టింది. విసిరినా బాగుండేది. నెమ్మదిగా పెట్టింది.

"ఉన్నది కూడా పోయింది," అంది.

*

మంగళవారం మెమరీ కొన్న కొట్టు తెరవకముందే ఆమె మెట్లమీద నిలబడి ఉంది. పచ్చరేకుని దూదిలో చుట్టి, బాబిన్ల డబ్బాలో పెట్టి తెచ్చింది. ల్యాప్‌టాప్ తేలేదు. బస్సులో ఎవరైనా దానిమీద కూర్చుంటే? ఎవరైనా లాక్కుపోతే? వాన పడితే?

కొట్టు సన్నగా, పొడుగ్గా, గజంబద్దలా ఉంటుంది. గోడలకి తీగలు వేలాడుతున్నాయి, గాజుబల్ల కింద విప్పిన యంత్రాలు పేగులతో సహా కనిపిస్తున్నాయి. గోడమీద పెద్ద గడియారం. రిపేరతను నలభై ఏళ్ళ మనిషి, నుదుటిమీద కళ్ళజోడు, చేతిలో సన్న పట్టకారు. చొక్కా రెండో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆమెకి ముందు కనిపించింది అదే. చొక్కా గుండీ చూసుకోనివాడు యంత్రాలేం చూసుకుంటాడు?

"ఏమయ్యా, నీ మెమరీ పెట్టాక ఉన్న మెషీన్ కూడా చచ్చిపోయింది," అందామె రాగానే.

"కూర్చోండమ్మా. ఏమైంది?"

"ఏమవుతుంది? వెలుగుతుంది, ఆరుతుంది, దెయ్యం పట్టినట్టు మళ్ళీ వెలుగుతుంది. తెరమీద బొమ్మ లేదు."

"కాసేపు వదిలి చూశారా?"

"చాలాసేపు చూశాం!"

అతను బాబిన్ల డబ్బా తెరిచి, దూది విప్పి, పచ్చరేకుని వెలుతురుకి పెట్టి చూశాడు. తన బల్లమీదున్న అలాంటి పాత ల్యాప్‌టాప్‌లోనే పెట్టి, బటన్ నొక్కి పక్కకి జరిపాడు. అది తేల్చేలోపు ఆమె అతని సంగతి తేల్చడానికి ఇటు తిరిగింది. పిల్ల మూడేళ్ళ కష్టం గురించి చెప్పింది. గురువారం గురించి చెప్పింది. ఎవరో వాడి పారేసిన సరుకు తుడిచి కొత్తదని అంటగట్టేవాళ్ళ గురించి చెప్పింది. అలాంటివాళ్ళకి పిల్లలుండరా అని అడిగింది. అప్పటికి కొట్లోకి ఇద్దరు వచ్చారు. చంకలో ప్రింటరు పెట్టుకున్న పెద్దాయనొకరు, ఫోను పట్టుకున్న అమ్మాయొకరు. వాళ్ళుండటం చూసి ఆమె గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"మీరూ చూసుకుని ఇవ్వండి నాయనా! ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిరాదు ఇక్కడ!"

ప్రింటరాయన గుమ్మంలో నిలబడి, ప్రింటరుని కొంచెం గట్టిగా పొదివి పట్టుకుని, వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. రిపేరతను ఆయన వెళ్ళడం చూశాడు. నుదుటిమీది కళ్ళజోడు ముక్కుమీదకి దించుకున్నాడు, అంతే.

ఆమె ఊపిరి తీసుకోడానికి ఆగేసరికి పక్కనున్న ల్యాప్‌టాప్ తెరమీద రంగులొచ్చాయి.

"చూడండమ్మా. రేకు బాగానే ఉంది."

"నీ దాంట్లో వస్తే నాకేం లాభం? మా దాంట్లో రాదే!"

"మెషీన్ తీసుకురండి, చూస్తాను."

"వాన పడితే?"

అతను తల వంచి బయట ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు.

"ఇప్పుడు లేదు. దారిలో పడితే?" అందామె.

అతను కాగితంమీద మూడు సంగతులు రాసిచ్చాడు. పళ్ళని పెన్సిల్ రబ్బరుతో తుడవాలి. ప్లగ్గు తీసేసి బటన్ అరనిమిషం నొక్కి ఉంచాలి. మెమరీ దూర్చే రెండు అరల్లో ఒక్కొక్కటే పెట్టి చూడాలి. కాగితం ఇస్తుంటే గుండీ గాజుబల్లకి తగిలి టిక్కుమంది. ఆమె చెయ్యి అలవాటుగా జాకెట్టుకి గుచ్చుకున్న సూదివైపు వెళ్ళబోయింది. వెనక్కి తీసుకుంది.

*

రబ్బరుతో తుడిచారు. అరనిమిషం నొక్కారు. కొత్తది ముందు అరలో, పాతది వెనక అరలో, పాతది ముందు, కొత్తది వెనక, ఒంటరిగా ఒకటి, ఒంటరిగా ఇంకొకటి. ఎన్నిసార్లు విప్పారో, ఆ స్క్రూలకి సుద్దగీత అక్కర్లేకుండానే ఇళ్ళు తెలిసిపోయాయి. ప్రతిసారీ ఆమె ముందుజాగ్రత్తగా ప్లగ్గుమీద చెయ్యి వేసే నిలబడింది.

"దాన్ని ఊపిరి తీసుకోనివ్వవేమే," అంది అత్తగారు.

"ఊపిరి దానికెందుకు అత్తయ్యా, మనకుంటే చాలు."

"రెండు రోజులుగా నీకూ ఆడ్డం లేదుగా."

బుధవారం మధ్యాహ్నం కూతురు స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, ఒక్క పూటకి ల్యాప్‌టాప్ అడుగుదామని. చెప్పులు విడిచిన తీరులోనే జవాబు తెలిసింది.

"తనకీ రేపే. అదే పరీక్ష," అంది.

"పోనీ మీ ఇంజనీరు గారి ఆఫీసులో..."

"ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన కరెంటుతో, ఆయన్ని వదిలేసే పరీక్ష రాయనా?"

అత్తగారు కిసుక్కున నవ్వింది. కూతురూ నవ్వబోయింది. సగంలో మొహం మారిపోయి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూడలేక ఆమె కాసేపు కుట్టుమిషను దగ్గర కూర్చుంది. దారం తెగింది. ఎక్కించింది. మళ్ళీ తెగింది. లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"ఆ కొట్టుకే."

"మళ్ళీ తిట్టడానికా?"

"ఏమో. అక్కడికెళ్ళాక తెలుస్తుంది."

కొట్లో ఎవరూ లేరు. అతను ఆమెని చూసి గాజుబల్లమీదున్న చిన్న చిన్న సామానంతా సొరుగులోకి తోశాడు. విసిరికొడుతుందేమోనని కాబోలు.

"తిట్టడానికి రాలేదు," అందామె. "తిట్టే ఓపిక లేదు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. రేపు పదింటికి పరీక్ష. నువ్వు చెప్పినవన్నీ చేశాం. పాతదీ రావట్లేదు, కొత్తదీ రావట్లేదు."

"మెషీన్ తెచ్చారా?"

ఆమె ఖాళీ చేతులు చూపించింది.

అతను నిట్టూర్చాడు. ఏదో తోచినట్టు గోడగడియారం వైపు చూశాడు. బల్లమీద ఒక నల్ల అట్టముక్క పెట్టి, పక్కనే ఊడిపోయిన ప్లగ్గొకటి పెట్టాడు.

"ఇదే మీ ల్యాప్‌టాప్ అనుకోండి. ఇది ప్లగ్గు. మీ అమ్మాయి బటన్ నొక్కింది. మీరేం చేస్తారో చేసి చూపించండి."

"ఇదేం ఆటయ్యా?"

"చెయ్యండమ్మా. నొక్కింది. ఇప్పుడు నల్లగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది..."

అతని గొంతులో ఏం మహిమ ఉందో, అట్టముక్క చూస్తుంటేనే ఆమె అరచేతులు చెమటపట్టాయి. అతను "ఆరింది," అన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. "మళ్ళీ వెలిగింది," అన్నాడు. ఆమె చెయ్యి వెళ్ళి ప్లగ్గు లాగేసింది. లాగిన జోరుకి అది గాజుబల్ల దాటి కిందపడింది.

అతను గడియారం చూశాడు. "పదకొండు సెకన్లు."

"అబద్ధం. చాలాసేపు చూశాను."

"చాలాసేపు అనిపించింది. గడియారానికి మాత్రం పదకొండే." ప్లగ్గు తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మా, మెమరీ మార్చినప్పుడు అది మొత్తాన్నీ ఒకసారి తడిమి చూసుకుంటుంది. కొన్ని పాత మెషీన్లయితే రెండుమూడు సార్లు ఆరి వెలుగుతాయి. దాని పద్ధతి అంతే. మధ్యలో పీకేస్తే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. మళ్ళీ పీకేస్తారు. మీకు కొత్తగుడ్డ ఇస్తే నీళ్ళలో జాడించి, ఎంత ముడుచుకుంటుందో చూడకుండా కత్తెర పెడతారా?"

"పెట్టను."

"నానేసిన గుడ్డని పదకొండు సెకన్లకి బయటికి లాగేస్తే?"

ఆమెకి నిన్న పొద్దున కొట్లో తను గొంతెత్తి అరుస్తుండగా, పక్కన ఈ బల్లమీదే ఒక ల్యాప్‌టాప్ ఎంతసేపు నల్లగా ఉందో ఇప్పుడు గుర్తొచ్చింది. తను దానివైపు చూడలేదు. చూడలేదు కాబట్టే అది వెలిగింది. ముందు గుండె తేలికైంది. తరవాత మొహం వేడెక్కింది. ఇన్ని రోజులూ కూతురి కాళ్ళకింద నేల లాగింది ఈ మెషీన్ కాదు, ఈ కొట్టతను కాదు.

"నాకు ఆగడం రాదయ్యా," అంది చివరికి. "ఎంత చెప్పినా నా చెయ్యి ఆగదు."

"నిన్న మీ బాబిన్ల డబ్బా చూశాను. కుట్టుపనిలో ఏమేం చేస్తారు?"

"బట్టలు సరిచేస్తాను. కాజాలు, జిప్పులు, కోట్లు."

"చేత్తో కాజా కుట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"మంచి కాజా అయితే పదినిమిషాలు. ఎందుకు?"

"అయితే ఇంటికెళ్ళి బటన్ నొక్కండి. ఒక కాజా మొదలెట్టండి. అది అయ్యేదాకా తల ఎత్తకండి. మధ్యలో దీపం ఆరినా, వెలిగినా, ఇల్లు కూలినా."

"ఇల్లు కూలితే?"

"కాజా అయ్యాక చూసుకోవచ్చు."

*

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఆమె కూతురిని లేపింది. సంగతి చెప్పింది, పదకొండు సెకన్లతో సహా. కూతురు కోప్పడుతుందని చూసింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని తల్లిని చూసి, "నేను కూడా ఇరవైదాకా లెక్కపెట్టలేదమ్మా," అంది. "నువ్వు పీకుతుంటే నాకూ ఏదో అవుతుందనే అనిపించేది."

అత్తగారు లేచి, పేముకుర్చీని ఈడ్చుకొచ్చి సరిగ్గా ప్లగ్గు ముందు వేసుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"నన్ను దాటి రావాలి," అంది.

కొత్తదీ పాతదీ రెండూ రెండు అరల్లో కూర్చున్నాయి. రెండేసి చప్పుళ్ళు. స్క్రూలు బిగిశాయి. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, శుక్రవారం ఇవ్వాల్సిన బూడిదరంగు కోటు ఒళ్ళో వేసుకుంది. కాజా గుర్తు దగ్గర చీలిక కోసింది. అంచు విడిపోకుండా చుట్టూ పల్చగా కుట్టింది. మైనం రాసిన దారం సూదికెక్కించింది.

"నొక్కు," అంది.

ఫ్యాను బుర్రుమంది. మొదటి కుట్టు. సూది వెనకనుంచి దూర్చి, దారం సూదిచుట్టూ తిప్పి, లాగి, అంచుమీద చిన్నముడి కూర్చోబెట్టాలి. ఒక్కో ముడి పక్కన ఒక్కో ముడి, ఆవాల వరసలా. నాలుగు ముడులు. ఐదు. ఫ్యాను ఆగింది. ఆమె వేళ్ళు కూడా ఆగాయి.

"కుట్టు," అంది అత్తగారు.

ఆరో ముడి వంకరపోయింది. ఏడోదీ అంతే. ఫ్యాను మళ్ళీ మొదలైంది, అదంతట అదే. ఇల్లు తగలబడితే ముందు అత్తయ్యని లాగాలా, అమ్మాయిని లాగాలా? అమ్మాయి తనే పరిగెడుతుంది. అత్తయ్య లేవదు. కోటు ఎవరిదో కదా, అదెలా? పది. పదకొండు. ఈ కాజా చూస్తే కోటాయన ఏమంటాడు? పదిహేను. ఫ్యాను మళ్ళీ ఆగింది. గదిలో గోడగడియారం చప్పుడొక్కటే. అది కూడా ఆగితే ఏం చెయ్యాలో ఆమె అప్పుడే ఆలోచించి పెట్టుకుంది. ఫ్యాను మొదలైంది. ఆమె తల ఎత్తలేదు. ఒకవైపు అంచు అయిపోయింది. మూల తిప్పాలి. మూల దగ్గర ముడులు విసనకర్రలా విచ్చుకోవాలి, అక్కడ తొందరపడితే కాజా జీవితాంతం నోరు తెరుచుకునే ఉంటుంది. ఆమె తొందరపడలేదు. ఎందుకో ముడులు ఇప్పుడు వంకరపోవడం మానేశాయి. రెండోవైపు ముడులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చున్నాయి.

"అమ్మా."

ఆమె కుట్టింది.

"అమ్మా, తల ఎత్తు."

"కాజా అవ్వలేదు."

"తెర వచ్చిందమ్మా! మెమరీ మారింది, ఏదో ఒక బటన్ నొక్కమంటోంది!"

"నొక్కు. నాకింకా ఆరు కుట్లున్నాయి."

కూతురు నొక్కింది. అత్తగారు కుర్చీలోంచి మెడ సాచింది. ఆమె ఆఖరి ముడి వేసి, దారం వెనక్కి దూర్చి, పళ్ళతో కొరికి తెంపి, కోటుని పక్కన పెట్టి, అప్పుడు తల ఎత్తింది. తెరమీద నీలంరంగు ఉంది. కూతురు ఎక్కడో తెరిచి, వేలు పెట్టి చూపిస్తోంది. అక్కడ ఎనిమిది అంకె ఉంది.

కాజా సగం వంకరగా, సగం అచ్చుపోసినట్టుగా వచ్చింది. విప్పి మళ్ళీ కుడదామనుకుని, ఎందుకో వెంటనే విప్పలేకపోయింది.

*

గురువారం తొమ్మిదిన్నరకి ఆమె చెప్పులేసుకుంది.

"పరీక్ష పెట్టుకుని ఎక్కడికమ్మా?" అంది కూతురు.

"నేనుంటే నా చెయ్యి ఆ ప్లగ్గు దగ్గరికే పోతుంది. ఫ్యాను చప్పుడు మారినా పీకేస్తాను. వద్దు. నానమ్మ కాపలా ఉంటుంది."

అత్తగారు అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో నీళ్ళ చెంబు కూడా ఉంది, మధ్యలో లేవకుండా.

"అత్తయ్యా, కరెంటు పక్కన నీళ్ళు..."

"వెళ్ళవే!"

బజారంతా తిరిగి తిరిగి ఆమె కొట్టుకి చేరేసరికి పదకొండుంబావయింది. అతను ఆమెని చూసి, చేతిలో పట్టకారు కింద పెట్టాడు.

"వచ్చిందా?"

"వచ్చింది. ఆ చొక్కా విప్పు."

"ఏంటమ్మా?"

"పోనీ, విప్పక్కర్లేదు. ఇటు రా. కదిలితే గుచ్చుకుంటుంది."

ఆమె జాకెట్టుకున్న సూది తీసి, తెల్లదారం ఎక్కించి, గాజుబల్ల మీదుగా వంగి, రెండో గుండీ పట్టుకుంది. పాత పోగు తెంపేసి, గుండీకీ గుడ్డకీ మధ్య అగ్గిపుల్ల పెట్టింది, అడుగున దారం కొంచెం ఎత్తుగా నిలబడటానికి. అతను గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, గడియారం చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే మెట్లమీద చప్పుడైంది. ప్రింటరాయన. మళ్ళీ అదే ప్రింటరు, అదే చంక. గుమ్మంలోంచి తొంగిచూసి, ఆమెనీ, సూదినీ, గడ్డం ఎత్తుకుని నిలబడ్డ కొట్టతన్నీ చూసి, ఆయన మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"రండి, రండి, వెళ్ళకండి!" అందామె, మొన్నటికంటే పెద్దగా. పక్క కొట్టువాళ్ళు కూడా తొంగిచూశారు. "మొన్న నేనన్నవన్నీ తప్పు. ఈయన ఇచ్చిన సరుకు బంగారం. పీకిందీ నేనే, అరిచిందీ నేనే. రండి లోపలికి."

కొట్టతని చెవులు ఎర్రబడ్డాయి. "చాలమ్మా, చాలు," అన్నాడు, గడ్డం దించకుండానే.

"చాలదు. అరిచినంత గట్టిగా చెప్పాలి."

ఆమె గుండీ కింద దారం నాలుగు చుట్లు చుట్టి ముడేస్తుండగా సంచిలో ఫోను మోగింది. గడియారం పదకొండున్నర దాటింది. పరీక్ష పన్నెండింటిదాకా. మధ్యలో మోగిందంటే ఇంకేముంటుంది? ఆరిపోయింది. పేలింది. అత్తయ్య చెంబు ఒలికింది. సూది ఆమె వేళ్ళ మధ్యే ఆగిపోయింది.

"ఎత్తండి," అన్నాడతను.

"నువ్వే ఎత్తు."

అతను ఎత్తి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా, అయిపోయింది. అరగంట ముందే పంపేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు." వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది, ఇక తను లేవచ్చా అని అడుగుతోంది. "కింద నా పేరు రాయమన్నారమ్మా. పెద్ద అక్షరాలతో రాశాను."

ఆమె "సరే," అంది. ముడి వేసి, దారం కొరికి, గుండీని రెండుసార్లు లాగి చూసింది. గట్టిగా ఉంది. కళ్ళు పైటతో తుడుచుకుంది, కొట్టంతా దుమ్ము కదా.

ప్రింటరాయన లోపలికొచ్చి, ప్రింటరుని బల్లమీద దించాడు.

"ఇది పలకట్లేదండీ. ఆన్ చేస్తే ఏదేదో గరగరమని చప్పుళ్ళు చేస్తుంది, అంతే. భయమేసి ఆపేస్తున్నాను."

ఆమె, కొట్టతను ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎంతసేపు చూశారు?" అందామె.

"చాలాసేపు చూశానండీ!"

ఆమె ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. సూదిలో దారం ఇంకా మూరెడు మిగిలింది.

"ఆ కుడిచేతి గుండీ వదులుగా ఉంది," అంది, స్టూలు ముందుకి జరుపుతూ. "మీరిలా కూర్చుని చెయ్యివ్వండి. ఏమయ్యా, నువ్వు దాన్ని ఆన్ చెయ్యి."